సూదీ–దారం: అమ్మ పెళ్ళిచీరకి కత్తెర పెట్టాలా?

పల్నాడు అనగానే మన సినిమావాళ్ళకి ముందు గుర్తొచ్చేది కత్తి! 1947లో కన్నాంబ నాగమ్మగా, అక్కినేని బాలచంద్రుడుగా వేసిన ‘పల్నాటి యుద్ధం’ వచ్చింది. 1966లో రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా మళ్ళీ ‘పల్నాటి యుద్ధం’ వచ్చింది. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో ఆ సీమ పేరు వినిపించినా వెనకాల కత్తుల చప్పుడు వినిపిస్తూనే వుంది. దసరా వెళ్ళాక నాకు అక్కణ్ణించి ఒక ఉత్తరం వచ్చింది. అందులో కత్తి లేదు, కత్తెర వుంది. అయితేనేం, గొడవ మాత్రం ఆనాటి కోడిపందెం గొడవకి తీసిపోయేది కాదు సుమా!

రాసిన అమ్మాయిది గురజాల దగ్గర ఒక పల్లె. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఉత్తరం చదవండి.

“అక్కా! మాఘమాసంలో మా అక్క పెళ్ళి. ఆరోజు లంగా ఓణీ వేసుకోవాలని నా కోరిక. పేటలో రెండు షాపులు తిరిగాను. నచ్చినవాటి ధరలు చూసి నోరు మూసుకుని బయటికొచ్చేశాను. నాన్న మిరపకాయల డబ్బు అక్క పెళ్ళికే చాలేట్టు లేదు. ఇంట్లో అమ్మ పెళ్ళిచీర వుంది. మెరూన్ రంగు, ఆకుపచ్చ అంచు. పాతికేళ్ళ నాటిది. ‘తీసుకోవే, నేనెక్కడ కడతాను’ అంది అమ్మ. మా అమ్మమ్మ మాత్రం ‘పెళ్ళిచీరకి కత్తెర పెడితే చేతులిరగ్గొడతా’ అంటోంది. సరే, అమ్మ ఒప్పుకుంది కదా అని టైలరుకి ఇద్దామనుకున్నాను. ఆ రాత్రి మెలకువ వచ్చి చూస్తే అమ్మ లైటు వేసుకుని, ఆ చీర ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే కూర్చునుంది. ఇప్పుడు కోయించనా, మానెయ్యనా?”

ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజం చెప్పొద్దూ, నా పాత తప్పొకటి గుర్తొచ్చింది. నేనూ ఈ అమ్మాయి వయసులోనే మా అమ్మ నీలం పట్టుచీర పట్టుకెళ్ళి, ఒక దర్జీ ముందు పడేసి, “లంగా కుట్టండి” అని ఒక్కమాట చెప్పి వచ్చేశాను. ఏది ఎక్కడ కోయాలో చెప్పలేదు. ఆయన కొంగుని నడిమికి అడ్డంగా కోసి, జరీ సగం నడుం పట్టీ లోపలికి పోయేట్టు కుట్టి ఇచ్చాడు. తప్పు ఆయనదా? సగం నాదే! ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ ఏమీ అనలేదు. తిట్టి వుంటే ఆరోజుతో మర్చిపోయేదాన్ని. ఏమీ అనకపోవడం ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అందుకే ఆ అమ్మాయికి వెంటనే పోస్టులో జవాబు రాశాను. పెళ్ళిళ్ళ కాలం కదా, మీ బీరువాల్లోనూ ఇలాంటి చీరలు వుంటాయి కాబట్టి అదే ఇక్కడా వేస్తున్నాను.

ముందు చీరని చూడు!

అమ్మాయ్! కత్తెర సంగతి తర్వాత. ముందు ఒక పొద్దున్నపూట ఆ చీరని శుభ్రమైన దుప్పటి మీద పూర్తిగా పరువు. అమ్మని కూడా పిలువు. చీరలో ఏ భాగం ఎలా వుందో ఆవిడకి తెలిసినంత నీకు తెలియదు.

చీర పొడవు సుమారు 5½ మీటర్లు. కట్టినప్పుడు మొదట నడుంలో దోపే కట్టుచెంగు 1 మీటరు. అది ఎండా చూడదు, దుమ్మూ చూడదు. అందుకే పాతికేళ్ళ చీరలో కూడా అది కొత్తదానిలా వుంటుంది. దాని తర్వాత కుచ్చిళ్ళ భాగం సుమారు 1¼ మీటరు. నేలకీ, కాళ్ళ పట్టాలకీ రాసుకుని కింద అంచు నలిగేది ఇక్కడే. ఆ తర్వాత ఒంటిని చుట్టి పైకి వెళ్ళే భాగం 2¼ మీటర్లు. చివర కొంగు 1 మీటరు. కొంగుకి భుజం దగ్గర పిన్నీసు చిల్లులు వుంటాయి. పట్టులో ఒకసారి పడ్డ సూది చిల్లు మళ్ళీ పూడదు, అది గుర్తుపెట్టుకో.

చీరని కిటికీకి ఎదురుగా వెలుతురులో పట్టి చూడు. మడత పడ్డచోట సన్నని గీతల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ పోగులు తెగుతున్నాయన్నమాట. ఏళ్ళ తరబడి ఒకే మడతలో వుంటే పట్టు అక్కడే విరుగుతుంది. అలాంటిచోట బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడు. చిటపటమని విడిపోతే ఆ భాగం బరువు మోయదు. గట్టిగా నిలిస్తే భయం లేదు.

ఇంకొక పరీక్ష. అసలు పట్టేనా అని అనుమానం వుంటే అంచు చివర వేలాడే రెండు పోగులు తీసి, గ్యాసుపొయ్యికి దూరంగా, ఒక పళ్ళెంలో పెట్టి కాల్చు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడిగా నలిగితే పట్టు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే అది పాలియెస్టరు. జరీ సంగతి కూడా చూడు. అసలైన జరీ అంటే పట్టుపోగు చుట్టూ సన్నని వెండి తీగె చుట్టి, దాని మీద బంగారు పూత పూసింది. లోపల రాగి తీగె ఎర్రగా బయటపడితే అది టెస్టెడ్ జరీ.

ఇదంతా ఎందుకంటావా? “పాత పట్టుచీరలు కొంటాం!” అని వీధిలో అరుస్తూ వస్తారే, వాళ్ళకి నీ చీర అందంతో పనిలేదు. దాన్ని కాల్చి అందులో వెండి తీసుకుంటారు. పాత చీర పడేసి స్టీలు గిన్నె తీసుకుని మురిసిపోయిన వాళ్ళని ఎంతమందిని చూశానో! తన దగ్గరున్నదేమిటో తెలియకుండా ఎవరూ ఇవ్వకూడదు.

పల్నాటి నీళ్ళతో జాగ్రత్త

చీరకి బీరువా వాసన పోవాలంటే ఉతకడమే మార్గం కాదు. నీడలో, గాలి తగిలేచోట, మందపాటి తువ్వాలు వేసిన దండెం మీద రెండుగంటలు ఆరేస్తే సగం వాసన పోతుంది. మేకుకి తగిలించకు. ఎండలో అసలు వెయ్యకు, రంగు పోతుంది, పోగూ బలహీనపడుతుంది.

నూనె మరక వుంటే దాని మీద టాల్కం పౌడరు చల్లి రాత్రంతా వుంచి, పొద్దున్నే మెత్తని బ్రష్షుతో దులుపు. గోకకు, రుద్దకు.

ఉతకాలనే అనుకుంటే, ముందు కట్టుచెంగు మూల తడి దూదితో ఒక నిమిషం అద్ది చూడు. దూదికి రంగు అంటితే ఇంట్లో నీళ్ళలో పెట్టడం మానేసి డ్రైవాషుకి ఇచ్చెయ్యి. అంచు ఒక రంగు, ఒళ్ళు ఇంకో రంగు కదా, ఒకదాని రంగు ఇంకోదానికి పాకితే ఇక ఏం చేసినా వదలదు.

రంగు దిగలేదా? అప్పుడు నీళ్ళ సంగతి ఆలోచించు. మీది సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నం గురించి నీకు నేను చెప్పాలా! ఆ రాళ్ళలోంచి వచ్చిన బోరునీళ్ళలో సబ్బు నురగ రాదు. నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు పట్టుపోగుల మధ్య చేరితే చీర మెరుపు పోయి గరుకుగా తయారవుతుంది. “పట్టు పాతబడిపోయింది” అనుకుంటాం, నిజానికి పాతబడింది చీర కాదు, పట్టింది తెట్టు!

అందుకే మన అమ్మమ్మల కుంకుడుకాయే గొప్పది. కుంకుడు నురగకి సున్నపునీళ్ళతో ఆ తగాదా లేదు, తెట్టు కట్టదు. ఆరు కాయలు చితక్కొట్టి లీటరు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, చల్లారాక అరబక్కెట్టు చల్లనీళ్ళలో కలుపు. చీరని అయిదు నిమిషాలు ముంచి మెల్లగా అటూ ఇటూ ఆడించు. పిండొద్దు, బాదొద్దు. చివరి జాడింపుకి మాత్రం వాననీళ్ళు దొరికితే సరే, లేకపోతే ఇంటికొచ్చే 20 లీటర్ల తాగునీళ్ళ క్యాను ఒకటి ఖర్చుపెట్టు. తువ్వాల్లో చుట్టి నీరు తీసి నీడలో ఆరబెట్టు. గంజి పెట్టకు, పురుగులకి విందు చేసినట్టవుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు వేడి తగ్గించి, చీర తిరగేసి, పైన పల్చని నూలుగుడ్డ పరిచి చెయ్యి. జరీ మీద నీళ్ళు చిలకరించకు. ఇంట్లో ధైర్యం చాలకపోతే శారీ రోలింగు చేసేవాళ్ళకి ఇవ్వు, నష్టం లేదు.

ఒక్కటి మాత్రం చెప్తున్నా. ఇంట్లో రంగు వేసే ప్రయత్నం చెయ్యకు. పట్టుకి రంగు పట్టాలంటే బాగా వేడినీళ్ళు కావాలి. జరీ నల్లబడుతుంది, చీర ముడుచుకుంటుంది.

కత్తెర లేని లంగా

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చీరని లంగా చెయ్యాలంటే కొయ్యాలని ఎవరు చెప్పారు? మన పాతకాలం పరికిణీలు చూశావా? ఎదిగే పిల్ల కదా అని అంచుకి పైన రెండు మడతలు వేసి కుట్టేవాళ్ళు. పిల్ల పొడవైనప్పుడల్లా ఒక్కో మడత విప్పేవాళ్ళు. బట్ట కొయ్యకుండా పొట్టి చెయ్యడం అమ్మమ్మలకి తెలిసిన విద్యే. అదే ఇక్కడ వాడదాం.

చీర వెడల్పు 46 అంగుళాలు అనుకుందాం. నీ నడుం నుంచి మడమదాకా 39 అంగుళాలు అనుకుందాం. 7 అంగుళాలు ఎక్కువ వుంది. అంచుకి సరిగ్గా పైన, చీర పొడవునా, 3½ అంగుళాల లోతున మడత పెట్టి లోపలివైపుకి వాల్చు. రెండు పొరలు కాబట్టి 7 అంగుళాలు అందులో పోతుంది. ఈ ఎక్కువని నడుం దగ్గర మడవకు, అక్కడ మందమై పొట్ట వున్నట్టు కనిపిస్తుంది!

ఇక కుచ్చులు. 5½ మీటర్లంటే 216 అంగుళాలు. నీ నడుం 28 అంగుళాలు, హుక్కుల కోసం 2 కలిపితే 30. ఒక్కో కుచ్చు పైకి 1 అంగుళం కనిపించాలి, లోపల 3 అంగుళాల మడత వుండాలి. అంటే ఒక్కో కుచ్చుకి 7 అంగుళాల బట్ట. 30 కుచ్చులకి 210. మిగిలిన 6 అంగుళాలు రెండు చివరలా సరిపోతాయి. చూశావా, ఒక్క ముక్క వృథా కాలేదు, ఒక్క పోగు కొయ్యలేదు! కొంగు ముందువైపు ఎడమపక్క వచ్చేట్టు మొదలుపెడితే కొంగు జరీ నిలువు చారలుగా ముందే కనిపిస్తుంది.

ఆ కుచ్చుల్ని 2 అంగుళాల వెడల్పు గట్టి నూలుపట్టీకి చేత్తో కచ్చా కుట్టు వేసి పట్టించు. మిషను వద్దు. సన్నని సూది తీసుకో. దారం మాత్రం పల్చని నూలుదారమే వాడు. కారణం వుంది. లాగుడు పడితే దారం తెగాలి కానీ చీర చిరగకూడదు. గట్టి నైలాను దారమైతే తాను తెగదు, పట్టుని కోసేస్తుంది. దారం కాస్త వేరే రంగుదే తీసుకో, లోపలివైపే కదా, తర్వాత విప్పేటప్పుడు సులువుగా కనిపిస్తుంది. లోపల విడిగా నూలు పావడా వేసుకో. ఈమధ్య గొడుగులా నిలబడాలని కాన్‌కాన్ వలగుడ్డ పెడుతున్నారుగా, అది కావాలంటే పావడాకే కుట్టుకో. పట్టుకి తగిలితే గీరుతుంది.

పెళ్ళయ్యాక దారం లాగెయ్యి. అమ్మ చీర మళ్ళీ అమ్మ చీరే!

కత్తెర తప్పనప్పుడు

అందరి చీరలూ నీ చీరలా వుండవు. కుచ్చిళ్ళ దగ్గర చిరిగి, ఇక చీరగా పనికిరానివి వుంటాయి. వాటిని అలాగే పెట్టి పురుగుల పాలు చెయ్యడం కూడా తప్పే. అలాంటివాళ్ళు కత్తెర పట్టొచ్చు, కానీ లెక్క ముందు, కత్తెర తర్వాత.

నలిగిన కుచ్చిళ్ళ భాగం 1¼ మీటరు పక్కకి తీసేస్తే, కట్టుచెంగు 1 మీటరూ, పై భాగం 2¼ మీటర్లూ కలిపి 3¼ మీటర్లు వస్తుంది. లంగాకి అది నిండుగా సరిపోతుంది. అతుకుని ఎడమపక్క ఒక కుచ్చు లోపల దాచెయ్యండి. చీరకి రెండువైపులా ఒకేలాంటి అంచులుంటే ఇంకో చిట్కా వుంది. కింద అంచు నేలకి రాసుకుని నలుగుతుంది కానీ పై అంచు నడుంలో భద్రంగా వుంటుంది. కాబట్టి చీరని తలకిందులు చెయ్యండి! పై అంచు లంగాకి కింద అంచవుతుంది. ఎవరైనా కొత్తది కొన్నారనుకుంటారు.

పట్టు బలహీనంగా వుంటే వెనకాల పూర్తిగా నూలు లైనింగు వెయ్యాలి. బరువంతా లైనింగు మొయ్యాలి, పట్టు పైన పరుచుకుని వుండాలి అంతే. ఆ లైనింగు గుడ్డని ముందే నీళ్ళలో ముంచి ఆరేయండి. లేకపోతే తర్వాత అది ముడుచుకుని లంగాని లాగేస్తుంది. మిషను మీద కుట్టేవాళ్ళు 9 గానీ 11 గానీ నంబరు సూది వాడాలి. తప్పు కుట్టు పడితే విప్పినా చిల్లులు మిగులుతాయి, అందుకే ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసుకుని, అప్పుడే మిషను.

కొంగు జాకెట్టు వీపుకీ, చేతులకీ. చీరతో వచ్చిన పాత జాకెట్టు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చెమట పట్టుకి బద్ధశత్రువు, చంకల దగ్గర అది ఎప్పుడో పోయివుంటుంది. మిగిలిన ముక్కలతో ఇంట్లో చిన్నపిల్లకి పరికిణీ, దానిలో మిగిలితే తాంబూలం సంచి, అదీ మిగిలితే బొంతకి అంచు. ఆఖరి పేలికదాకా వాడుకోవడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు.

టైలరుకి ఇచ్చేవాళ్ళు నాలాగా “లంగా కుట్టండి” అని వచ్చెయ్యకండి. చీర మీద సుద్దముక్కతో గీత గీసి, ఏది ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద బొమ్మ వేసిచ్చి రండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఓణీ ఎక్కడిది?

ఓణీకి రెండున్నర మీటర్లు చాలు. కొత్తది కొనక్కర్లేదు. అమ్మదో, పిన్నిదో పాత మంగళగిరి నూలుచీర వుంటే చూడు. నిజాం అంచు సన్నగా, జరీతో వుంటుంది కదా, ఆ అంచుతో సహా ఓణీ తీస్తే ఏ షాపు ఓణీ దాని ముందు నిలవదు. రంగు ఎంచుకోవడానికి ఒకటే సూత్రం. లంగా ఒంటి రంగు కాదు, అంచు రంగు చూడు. నీ మెరూన్ లంగాకి ఆకుపచ్చ అంచు కాబట్టి ఆకుపచ్చ ఓణీ వేసుకుంటే అంచు మాట్లాడుతుంది. పసుపుపచ్చ వేసుకున్నా పెళ్ళింట్లో వెలిగిపోతావు.

సినిమావాళ్ళు చెప్పే పాఠం

లంగా ఓణీ పాతబడిందనుకునే వాళ్ళకి ఒక్కమాట. 1978లో ‘పదహారేళ్ళ వయసు’లో శ్రీదేవి వేసుకున్నా, 2018లో ‘రంగస్థలం’లో సమంత వేసుకున్నా, జనం గుండెల్లో దాని స్థానం అదే. మధ్యలో నలభై ఏళ్ళు గడిచాయి, పాతబడిందెక్కడ?

పాత బట్టకి ఎంత విలువుందో తెలియాలంటే ‘మహానటి’ చూడండి. మన గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి కథ. కీర్తి సురేష్‌ని చూసి సావిత్రే అనుకున్నామంటే నటన ఒక్కటే కాదు, ఆ కాలం నేత, ఆ కాలం జాకెట్టు కోత, ఆ కాలం కట్టు కూడా కారణమే. 2018 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఉత్తమ కాస్ట్యూమ్స్ అవార్డు ఆ సినిమాకి పనిచేసిన ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనారావులకి దక్కింది. పాతకాలం చీరని మళ్ళీ నిలబెట్టినందుకు దేశమే మెచ్చుకుందన్నమాట.

ఇంకో సంగతి. మనదేశానికి మొదటి ఆస్కారు తెచ్చింది హీరో కాదు, డైరెక్టరూ కాదు, బట్టలు కుట్టించిన మనిషి! ‘గాంధీ’ సినిమాకి భాను అథయ్య 1983లో ఆ బహుమతి అందుకున్నారు. 2012లో ఆవిడ దాన్ని తిరిగి అకాడమీకే పంపించారు, తన తర్వాత భద్రంగా వుండాలని. విలువైనదాన్ని సొంతం చేసుకోవడమే కాదు, అది తర్వాత ఎక్కడ వుండాలో ఆలోచించడం కూడా ప్రేమే కదా?

అమ్మమ్మతో సంధి

ఇప్పుడు నీ ఇంటి పల్నాటి యుద్ధం. అమ్మమ్మని నాగమ్మ అనుకుని నువ్వు దండెత్తకు. ఆవిడ కోపం నీమీద కాదు. ఆ చీర కొన్నది ఎవరు? ఆ రోజు ఆ ఇంట్లో డబ్బు ఎంత వుంది? ఏం అమ్మి కొన్నారు? ఎప్పుడైనా అడిగావా? అడుగు. కత్తెర లేని పద్ధతి చెప్పి, మొదటి కుట్టు ఆవిణ్ణే వెయ్యమను. కొత్తబట్ట కట్టేముందు మూలకి పసుపు పెడతాం కదా, ఆ పసుపు కూడా ఆవిడ చేత్తోనే పెట్టించు.

ఇక అమ్మ సంగతి. “తీసుకోవే” అని అమ్మ అన్నది నిజమే. రాత్రి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదీ నిజమే. రెండూ నిజాలే. మొదటి నిజాన్ని మాత్రమే పట్టుకుని కత్తెర తియ్యకు. రెండోదాన్ని పట్టుకుని నీ ముచ్చట చంపుకోకు. నువ్వు ఆ రాత్రి చూశానని అమ్మతో చెప్పు. అంతే.

అదీ నేను రాసిన జవాబు. మొన్న సోమవారం ఆ అమ్మాయి దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది.

“అక్కా! కత్తెర లేకుండానే చేశాం. కుంకుడుకాయ నీళ్ళలో ముంచితే ఆ చీర అమ్మ పెళ్ళి ఫొటోలో వున్నట్టు మెరిసింది. అమ్మమ్మని అడిగితే అప్పుడు చెప్పింది. ఆ ఏడు పత్తి పురుగుపట్టి పోతే, మెడలో గొలుసు తాకట్టు పెట్టి అమ్మకి ఆ చీర కొన్నదట. ఆ గొలుసు మళ్ళీ ఇంటికి రాలేదట. పాతికేళ్ళుగా అమ్మకి కూడా ఈ సంగతి తెలియదు! ఇద్దరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. తర్వాత ముగ్గురం కూర్చుని కుచ్చులు పెట్టాం. పదిహేడో కుచ్చు దగ్గర నేను తొందరపడి లాగితే పాత మడత మీద నాలుగంగుళాలు చిరిగింది. అమ్మ బాగా తిట్టింది. మీ ఉత్తరం చదివాను కాబట్టి, అమ్మ తిట్టినందుకు నాకు సంతోషమేసిందక్కా! వెనకాల అదే రంగు పల్చని పట్టుముక్క పెట్టి అమ్మే సన్నని కుట్లు వేసింది. కుచ్చులో దాగిపోయింది. అక్క పెళ్ళికి నేను వేసుకుంటాను. శివరాత్రికి దారం లాగేసి, అమ్మ అదే చీర కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్ళకి వస్తానంది. పెళ్ళయ్యాక అమ్మ ఆ చీర కట్టి ఎన్నేళ్ళయిందో!”

నాకింకేం కావాలి? అమ్మాయ్, ఒక్కమాట మీ అమ్మకి చెప్పు. ప్రభల దగ్గర ఆ జనంలో కొంగు కాస్త దగ్గరికి తీసుకోమను. ఇంటికొచ్చాక వెంటనే మడిచెయ్యకుండా ఆ రాత్రి నీడలో ఆరనివ్వండి. తర్వాత ఉతికిన పాత నూలుపంచెలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. సెంటు చీర మీద కొట్టొద్దు. మూడునెలలకోసారి తీసి మడత మార్చండి. ఆ మడత మార్చే రోజున అమ్మమ్మని కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఇంకా ఏమేం కథలున్నాయో ఆవిడ దగ్గర!

మిగతా అమ్మాయిలూ! మీ ఇంటి బీరువాలో అడుగున ఏ చీర వుందో ఈ వారం తీసి చూడండి. కత్తెర తియ్యకముందు ఆ చీర ఎవరిదో, ఎలా వచ్చిందో అడగండి. ఏం తెలిసిందో నాకు రాయండి. కుర్రాళ్ళు కూడా రాయొచ్చు. తాతగారి జరీపంచెని షర్టు చేసుకోవడం ఎలా అని ఇప్పటికే మాచర్ల నుంచి ఒకబ్బాయి అడిగాడు. దాని సంగతి వచ్చేవారం!